రాక్ సర్వర్‌లో గడియారపు బ్యాటరీ

సర్వర్లను ఒకదానిపై ఒకటి అమర్చే లోహపు చట్రం, అంటే రాక్‌లో బిగించిన సర్వర్‌కు కరెంటు అందుతున్నంతకాలం దాని మదర్‌బోర్డు మీద ఉండే బిళ్ళ బ్యాటరీకి దాదాపుగా పని ఉండదు. సర్వర్‌ను షట్‌డౌన్ చేసినా సరే, పవర్ కేబుల్ ప్లగ్‌లో ఉంటే చాలు, పవర్ సప్లై నుంచి సన్నగా వచ్చే స్టాండ్‌బై కరెంటుతో లోపలి గడియారం నడుస్తూనే ఉంటుంది. కేబుల్ పీకినప్పుడో, యూపీఎస్ కూడా ఖాళీ అయ్యేంతసేపు కరెంటు పోయినప్పుడో మాత్రమే ఆ భారం బ్యాటరీ మీద పడుతుంది. అందువల్ల ఏళ్ల తరబడి ఆగకుండా నడుస్తున్న సర్వర్‌లో బ్యాటరీ ఎప్పుడో నిర్జీవమైపోయినా ఆ సంగతి ఎవరికీ తెలియకపోవచ్చు. తెలిసేది సర్వర్‌ను మళ్లీ మేల్కొలపవలసిన రోజునే. కర్నూలు, అనంతపురం, కడప పట్టణాల్లో సొంత సర్వర్ పెట్టుకున్న కళాశాలలకు ఆ రోజు సాధారణంగా జూన్‌లో వస్తుంది. వేసవి సెలవులకు ముందు యంత్రాలన్నీ ఆపి, మెయిన్ స్విచ్ దించి, గదికి తాళం వేసి వెళ్లినవారు తిరిగి వచ్చి వాటిని ఆన్ చేసేది అప్పుడే కదా.

ఆ గడియారం పనితీరు తెలిస్తే బ్యాటరీ ఎంతకాలం వస్తుందో లెక్కగట్టడం సులువు. శ్రుతిదండం ఆకారంలో కోసిన చిన్న క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఈ సంఖ్యను వరుసగా 15 సార్లు సగం చేస్తే మిగిలేది 1. అంటే ఒక సర్క్యూట్ ఆ కంపనాలను 15 అంచెల్లో సగానికి తగ్గిస్తూ పోతే చివరి అంచె నుంచి సెకనుకు సరిగ్గా ఒక స్పందన బయటికి వస్తుంది. క్వార్ట్జ్ చేతి గడియారాల్లోనూ ఉండేది ఇదే ఏర్పాటు. 1984లో వచ్చిన ఐబీఎం పీసీ ఏటీ కంప్యూటర్‌లో ఈ పనికి వాడిన మోటరోలా చిప్‌లో మొత్తం 64 బైట్ల జాగా ఉండేది. గడియారానికీ దాని నియంత్రణకూ 14 బైట్లు పోగా, మిగిలిన 50 బైట్లలో డిస్కు రకం, మెమరీ పరిమాణం వంటి అమరికలను దాచేవారు. అతి తక్కువ కరెంటుతో సరిపెట్టుకునే సీమాస్ పద్ధతిలో ఆ చిప్‌ను తయారుచేశారు కాబట్టి దాన్ని నిలిపి ఉంచే బ్యాటరీకి సీమాస్ బ్యాటరీ అనే పేరు స్థిరపడింది. ఇప్పుడు ఆ గడియారం చిప్‌సెట్‌లో కలిసిపోయింది, అమరికల్లో చాలా భాగం కరెంటు లేకున్నా చెరగని ఫ్లాష్ మెమరీలోకి మారింది. అయినా దుకాణంలో అడిగేటప్పుడు అందరూ పాత పేరే వాడతారు.

దాదాపు అన్ని సర్వర్లలోనూ కనిపించే బ్యాటరీ సీఆర్2032. ఆ అంకెల్లోనే దాని కొలతలున్నాయి: వ్యాసం 20 మిల్లీమీటర్లు, మందం 3.2 మిల్లీమీటర్లు. లోపల ఒకవైపు లిథియం లోహపు రేకు, మరొకవైపు మాంగనీస్ డయాక్సైడ్, రెండింటి నడుమ నీరు లేని సేంద్రియ ద్రావణం ఉంటాయి. లిథియం పరమాణువులు ఎలక్ట్రాన్లను బయటి సర్క్యూట్‌కు వదిలి, తాము అయాన్లుగా మారి మాంగనీస్ డయాక్సైడ్ పొరల్లోకి చేరే క్రమంలో 3 వోల్టుల విద్యుత్తు లభిస్తుంది. దీని సామర్థ్యం సుమారు 220 మిల్లీ ఆంపియర్ అవర్లు. గడియారం 5 మైక్రో ఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే 44,000 గంటలు, అంటే దాదాపు 5 సంవత్సరాలు వస్తుంది. ఇది కేబుల్ తీసి మూలన పెట్టిన సర్వర్ లెక్క. నిత్యం కరెంటులో ఉన్న సర్వర్‌లో బ్యాటరీ తనంతట తాను కోల్పోయే శక్తి మాత్రమే లెక్కలోకి వస్తుంది. అది మామూలు గది ఉష్ణోగ్రతలో ఏడాదికి ఒక శాతం ప్రాంతంలో ఉంటుంది. కాగితం మీద చూస్తే అటువంటి బ్యాటరీ సర్వర్ కంటే ఎక్కువ కాలం బతకాలి.

ఆ కాగితం లెక్కను తారుమారు చేసేది వేడి. ఉష్ణోగ్రత పెరిగినకొద్దీ బ్యాటరీలోని అనవసర చర్యలు వేగం పుంజుకుంటాయి, అంచు చుట్టూ ఉండే ప్లాస్టిక్ సీలు గుండా ద్రావణం మెల్లగా ఆవిరైపోతుంది. సర్వర్‌లోకి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలని అమెరికాలోని శీతలీకరణ ఇంజనీర్ల సంఘం ఆష్రే సిఫార్సు చేస్తుంది. నడుస్తున్న సర్వర్ గదికి ఏసీ ఉంటుంది కాబట్టి మే నెలలోనూ ఆ హద్దు నిలబడుతుంది. విచిత్రమేమిటంటే, సర్వర్లు ఆపేసిన గదికి ఏసీ కూడా ఆపేస్తారు. కర్నూలులో బయట 43, 44 డిగ్రీలు కాసే రోజుల్లో మూసిన గది రాత్రి కూడా చల్లబడదు, సరిగ్గా ఆ రెండు నెలలే గడియారం పూర్తిగా బ్యాటరీ మీద బతకాలి. మన ప్రాంతంలో బ్యాటరీని ఏప్రిల్‌కు ముందే మార్చుకోవాలని నేను చెప్పడానికి కారణం ఇదే. ఏ నెలలో మార్చినా ఒకటే అనే మాట చల్లని ఊళ్లకు సరిపోతుంది.

వేడికి గడియారం కూడా తడబడుతుంది, అయితే ఆ తడబాటు కొద్దిపాటిదే. శ్రుతిదండపు క్వార్ట్జ్ 25 డిగ్రీల దగ్గర అన్నిటికంటే వేగంగా కంపిస్తుంది. అంతకంటే వేడెక్కినా, చల్లబడినా నెమ్మదిస్తుంది, ఆ నెమ్మది ఉష్ణోగ్రతలోని తేడా వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గది 45 డిగ్రీలకు చేరితే పది లక్షలకు సుమారు 14 వంతుల వెనుకబాటు, అంటే రోజుకు 1.2 సెకన్లు, నెలకు 35 సెకన్లు. రెండు నెలల సెలవుల తర్వాత నిమిషం పైచిలుకు తేడా వచ్చినా, నెట్‌వర్క్ దాన్ని క్షణాల్లో సరిదిద్దుతుంది.

బ్యాటరీయే చనిపోతే సంగతి వేరు. అప్పుడు గడియారం తయారీదారు నిర్ణయించిన ఏదో పాత తేదీకి, తరచుగా ఒక జనవరి 1కి, వెళ్లిపోతుంది. వెబ్‌సైట్లు తమ గుర్తింపుకు రుజువుగా చూపే ప్రతి భద్రతా ధ్రువపత్రానికీ చెల్లుబాటు మొదలయ్యే తేదీ ఉంటుంది కాబట్టి, పాత తేదీలో లేచిన సర్వర్‌కు ఇంటర్నెట్‌లోని ధ్రువపత్రాలన్నీ ఇంకా పుట్టనివిగా కనిపిస్తాయి, సురక్షిత సంబంధాలన్నీ నిరాకరణకు గురవుతాయి. లాగిన్‌లను సరిచూసే కెర్బెరోస్ పద్ధతి సాధారణ అమరికలో 5 నిమిషాలకు మించిన తేడాను సహించదు; ఫలితంగా పాస్‌వర్డ్ సరైనదే అయినా సిబ్బంది ఎవరూ లోపలికి వెళ్లలేరు. రోజూ రాత్రి జరగవలసిన బ్యాకప్, కొత్త ఫైళ్లకు పాత తేదీలు పడినందున వాటిని వదిలేయవచ్చు. ఇవన్నీ ఒకేసారి మీద పడినప్పుడు తప్పు నెట్‌వర్క్‌దనో, వైరస్‌దనో అనుకునేవారే ఎక్కువ.

నెట్‌వర్క్ ద్వారా సమయాన్ని సరిదిద్దే ఎన్‌టీపీ ఉండగా ఈ బ్యాటరీతో పనేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. మన దేశంలో భారత ప్రామాణిక సమయాన్ని న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల నిర్వహిస్తుంది. ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థలను చూసే ఎన్‌ఐసీ లేదా ఆ ప్రయోగశాల ఎన్‌టీపీ సర్వర్లతో, లేదా వాటితో సరితూగే సర్వర్లతో సమయం కలుపుకోవాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న సంస్థలను ఆదేశించింది కూడా. కానీ ఎన్‌టీపీ ప్రోగ్రాములకు స్వతహాగా అనుమానం ఎక్కువ. సంప్రదాయ ఎన్‌టీపీడీ ప్రోగ్రాము, ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప, 1,000 సెకన్లకు మించిన తేడా కనిపిస్తే గడియారాన్ని సరిచేయకుండా తానే ఆగిపోతుంది. ఎవరైనా తప్పుడు సమయం పంపి మోసగిస్తారేమోనన్న జాగ్రత్త అది. పైగా నెట్‌వర్క్ అందేలోపే డేటాబేస్, లాగ్‌లు పని మొదలుపెట్టేస్తాయి. విద్యుత్ సబ్‌స్టేషన్ల వంటి చోట్ల ఉపగ్రహాల నుంచి సమయం తీసుకునే జీపీఎస్ గడియారాలు పెడతారు. కళాశాల గదిలోని సర్వర్‌కు అంత వైభోగం ఉండదు.

రోగ నిర్ధారణలో ఒక చిక్కు ఉంది. సర్వర్‌లో బ్యాటరీ హెచ్చరిక వచ్చినప్పుడు అది ఏ బ్యాటరీ గురించో ముందు చూడాలి. పలు డిస్కులను కలిపి నడిపే రెయిడ్ కార్డుకు కూడా విడిగా ఒక బ్యాటరీ ఉండవచ్చు. డిస్కుకు చేరని సమాచారాన్ని కరెంటు పోయినా కాపాడే ఆ బ్యాటరీ చార్జింగ్ అయ్యే రకం, దాని ధర, దాన్ని మార్చే తీరు వేరు. సర్వర్ స్థితిని దూరం నుంచి చూపే ఐడ్రాక్, ఐఎల్‌ఓ వంటి నిర్వహణ కంట్రోలర్ల పేజీలో సీమాస్ బ్యాటరీ స్థితి లేదా వోల్టేజీ తరచుగా విడిగా కనిపిస్తుంది. బయటికి తీసి మల్టీమీటర్‌తో కొలిస్తే కొత్తది 3.2 వోల్టుల దగ్గర చూపుతుంది. లిథియం బ్యాటరీ వోల్టేజీ చివరిదాకా పెద్దగా మారకుండా ఉండి ఒక్కసారిగా పడిపోతుంది కాబట్టి 3 వోల్టులు చూపినంత మాత్రాన ఇంకా ఎన్నో ఏళ్లు వస్తుందని చెప్పలేం. 2.8 కంటే తగ్గితే మాత్రం ఆలోచించవలసిన పని లేదు, మార్చేయాలి.

మార్చే ముందు బయాస్ (సర్వర్ ఆన్ కాగానే మొట్టమొదట నడిచే ప్రోగ్రాము) అమరికలను ఫోటోలు తీసి పెట్టుకోవాలి. ముఖ్యంగా బూట్ పద్ధతి, బూట్ క్రమం, రెయిడ్ స్థితి, వర్చువలైజేషన్ అమరిక ఎలా ఉన్నాయో నమోదు చేసుకోవాలి. విండోస్ సర్వర్‌లో డిస్కును రహస్య సంకేతంతో బంధించే బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ చేతిలో లేకుండా మూత తెరవకూడదు, ఎందుకంటే అమరికలు మారాయని గుర్తిస్తే అది కీ అడుగుతుంది. తర్వాత సర్వర్‌ను షట్‌డౌన్ చేసి, రెండు పవర్ సప్లైల కేబుళ్లనూ తీసేయాలి. ఒకటే తీసి రెండోది మరిచిపోవడం సర్వసాధారణం. కేబుల్ ఉంచితే స్టాండ్‌బై కరెంటుతో అమరికలు చెదరవు కదా అని కొందరు అలాగే బ్యాటరీ మారుస్తారు. కరెంటున్న బోర్డు మీద లోహపు బిళ్ళ జారిపడితే పోయేది బోర్డే కాబట్టి ఆ లాభం నాకు గిట్టుబాటుగా అనిపించదు. కేబుళ్లు తీశాక పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే కెపాసిటర్లలో మిగిలిన విద్యుత్తు ఖర్చవుతుంది.

సర్వర్‌ను రైళ్ల మీద ముందుకు లాగి, మణికట్టుకు యాంటీస్టాటిక్ పట్టీ కట్టుకొని, పై మూత తీయాలి. 1.75 అంగుళాల ఎత్తుండే 1యూ సర్వర్లలో కార్డులను పడుకోబెట్టి అమర్చే రైజర్ ఉంటుంది, బ్యాటరీ తరచుగా దాని కిందే దాక్కుంటుంది. మూత లోపలి వైపు అంటించిన బొమ్మలో దాని చోటు సాధారణంగా గుర్తించి ఉంటుంది. సాకెట్‌కు ఒక పక్క ఉండే చిన్న లోహపు పట్టును బయటికి నెడితే బ్యాటరీ పైకి లేస్తుంది. స్క్రూడ్రైవర్ మొనతో పెకలించే అలవాటు మంచిది కాదు. జారితే పక్కనున్న సర్క్యూట్ గీతలు తెగుతాయి, సాకెట్ విరిగితే బోర్డు మార్చడం తప్ప మార్గం ఉండదు. ప్లాస్టిక్ పనిముట్టు చాలు. కొత్తదాన్ని అంచులు పట్టుకొని, సాకెట్ మీది గుర్తు ప్రకారం, చాలా బోర్డుల్లో ప్లస్ ముఖం పైకి వచ్చేలా, మొదట ప్లస్ కొక్కెం కిందికి జొప్పించి తర్వాత నొక్కాలి.

కొత్త బ్యాటరీ కొనడంలోనూ జాగ్రత్త అవసరమే. చేతి గడియారాల దుకాణాల్లో, కారు తాళాలు చేసేచోట ఇది దొరుకుతుంది గానీ ఎండ తగిలే గోడకు ఏళ్లుగా వేలాడిన అట్ట నుంచి తీసుకోవడం కంటే తయారీ తేదీ చూసి కొనడం నయం. సీఆర్2025 మందం 2.5 మిల్లీమీటర్లే కాబట్టి సాకెట్‌లో వదులుగా కూర్చుంటుంది. ఎల్‌ఐఆర్2032 చూడ్డానికి అచ్చం ఇలాగే ఉన్నా అది చార్జింగ్ రకం. నిండా ఉన్నప్పుడు 4.2 వోల్టులకు చేరుతుంది కాబట్టి అసలే పనికిరాదు. పిల్లలు మింగకుండా చేదు పూత పూసిన బ్యాటరీలు కొన్ని సాకెట్లలో సరిగా అంటుకోవు.

ఆన్ చేశాక మొదట బయాస్‌లోకి వెళ్లి తేదీ, సమయం పెట్టి, ఫోటోలతో అమరికలు సరిచూసుకోవాలి. లినక్స్ సాధారణంగా ఈ గడియారంలో అంతర్జాతీయ ప్రామాణిక సమయం యూటీసీ ఉంటుందని, విండోస్ స్థానిక సమయం ఉంటుందని అనుకుంటాయి. లినక్స్ సర్వర్‌కు చేతి గడియారం చూసి సమయం పెడితే సరిగ్గా అయిదున్నర గంటల తేడా వస్తుంది. ఎన్‌టీపీ కలిశాక లినక్స్‌లోని హెచ్‌డబ్ల్యూక్లాక్ ఆదేశంతో ఆ సమయాన్ని బోర్డు గడియారానికి రాయించడం ఉత్తమం. పరీక్ష కూడా ఒకటి చేయాలి: సర్వర్‌ను మళ్లీ ఆపి, రెండు కేబుళ్లూ తీసి, పది నిమిషాలు ఆగి, ఆన్ చేసి బయాస్‌లో సమయం చూడాలి. ఈసారీ పాత తేదీయే వస్తే తప్పు సాకెట్‌దో, తిరగేసి పెట్టిన బ్యాటరీదో అయి ఉంటుంది.

తీసిన పాత బ్యాటరీలో ఇంకా కొంత లిథియం ఉంటుంది. రెండు ముఖాలనూ టేపుతో మూసి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వాలి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాటిని తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులది. చిన్నపిల్లలు తిరిగే చోట బల్ల మీద వదిలేయకూడదు. మింగితే గొంతులో ఇరుక్కున్న బ్యాటరీ చుట్టూ ఉన్న తేమ గుండా కరెంటు పారి గాఢమైన క్షారం తయారవుతుంది. రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. గడియారాన్ని నడపలేనంత బలహీనపడిన బ్యాటరీకి కూడా ఆ పని చేసే సత్తా ఉంటుంది.