చిన్న మోటారు పడవ, వాననీరు: అపోహలు - వాస్తవాలు

ఏటా ఈశాన్య రుతుపవనాలు పట్టి, నవంబరు వానలు మొదలయ్యాయంటే తడ, సూళ్లూరుపేట వైపు నుంచి పడవ మోటార్లు బాగుచేసే నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఒకే ప్రశ్నతో మొదలవుతాయి. "ఆటోమేటిక్ పంపు పెట్టించాను కదన్నా, పడవ ఎలా మునిగింది?" ఇలా అడిగేవారు పులికాట్ సరస్సు ఒడ్డున పుట్టి పెరిగిన జాలరులు కారు. రాత్రి వాన కురిస్తే తెల్లవారగానే రేవుకు వెళ్లి నీళ్లు తోడిపోయడం వారికి ఎవరూ నేర్పనక్కరలేని పని. అడిగేవారు తిరుపతి నుంచో శ్రీకాళహస్తి నుంచో వచ్చి, ముచ్చటపడి పాత ఫైబర్ పడవనూ దానికొక అవుట్‌బోర్డ్ మోటారునూ (పడవ వెనక బయటివైపు బిగించేది) కొనుక్కున్న కొత్త యజమానులు. అమ్మినవారు చెప్పిన మాటే వారికి ఆధారం, ఆ మాటల్లో ఎక్కువ నష్టం తెచ్చేది ఈ పంపు మాటే.

అపోహ: ఆటోమేటిక్ బిల్జ్ పంపు (పడవ అడుగున చేరిన నీటిని తోడేది) ఉంటే వాన సంగతి అదే చూసుకుంటుంది.

ముందుగా లెక్క చూద్దాం. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. పదహారు అడుగుల పొడవు, ఐదున్నర అడుగుల వెడల్పు ఉన్న పడవ, ముందు భాగం సన్నబడినా, సుమారు 7 చదరపు మీటర్ల మేర వానను పడుతుంది. తుఫాను రోజున మన జిల్లాలో 100 మిల్లీమీటర్లు పడటం వింతేమీ కాదు. అంటే 700 లీటర్లు, 700 కిలోలు. పదిమంది పెద్దమనుషులు ఎక్కి కూర్చున్నంత బరువు. గంటకు 500 గ్యాలన్లు అని పెట్టె మీద రాసి ఉండే చిన్న పంపు కాగితం మీద గంటకు సుమారు 1,900 లీటర్లు తోడాలి. గొట్టం ఎత్తుకూ వంపులకూ, బ్యాటరీ నీరసానికీ పోగా అందులో సగమే తోడుతుందనుకున్నా, ఆ నీటిని గంటలోపే బయట పోస్తుంది. కాబట్టి పంపు చాలక పడవ మునిగిందన్న మాట సాధారణంగా నిజం కాదు. పంపు తిరగకపోవడం వల్ల మునుగుతుంది.

ఎందుకు తిరగదో నేను బ్యాటరీ పెట్టె తెరిచిన ప్రతిసారీ దాదాపు అవే కారణాలు కనిపిస్తాయి. నీరు చేరినప్పుడు తేలి పైకి లేచి పంపును నడిపే ఫ్లోట్ స్విచ్ కింద వలదారపు ముక్కో, ఎండుటాకో ఇరుక్కుని అది లేవదు. లేదా పైకి లేచి అక్కడే ఉండిపోతుంది. అప్పుడు పంపు నీరు లేకుండానే తిరుగుతూ, రెండు, రెండున్నర ఆంపియర్ల కరెంటు తాగుతూ, 60 ఆంపియర్-అవర్ల బ్యాటరీని కూడా దాదాపు ఒక్క రోజులో పీల్చేస్తుంది. పడవ నడవకపోతే ఆ బ్యాటరీకి మళ్లీ ఛార్జింగు ఎక్కే దారి లేదు.

అన్నిటికన్నా బాధ కలిగించే కారణం వైరింగు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వెలిసిన తరువాత, ఒక ఉపాధ్యాయుడు పిలిస్తే భీమునివారిపాలెం వైపు వెళ్లాను. ఆయన పడవ వెనక భాగం పూర్తిగా నీటిలో ఉంది, ముక్కు మాత్రం పైకి తేలి ఉంది. పంపు కొత్తది, బ్యాటరీ కొత్తది. పడవను ఒడ్డుకు లాగి చూస్తే, పంపుకు వెళ్లే ఎర్రతీగను మెయిన్ స్విచ్ దాటిన తరువాత కలిపి ఉన్నారు. ఆయన జాగ్రత్తపరుడు, ఇంటికి వెళ్లేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపి వెళ్లారు, దానితో పంపు కూడా ఆగిపోయింది. తప్పంతా తనదేనని ఆయన పదేపదే అంటుంటే నాకు మనసొప్పలేదు, ఎందుకంటే తప్పు ఆ తీగను అక్కడ బిగించినవారిది. బిల్జ్ పంపు తీగ మెయిన్ స్విచ్‌తో సంబంధం లేకుండా, దానికంటూ ఒక ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకి వెళ్లాలి. పడవ కొన్నవారు మొదటి రోజే చేయవలసిన పరీక్ష ఇది: మెయిన్ స్విచ్ ఆపి, పడవ అడుగున రెండు బకెట్ల నీళ్లు పోసి, పంపు తనంతట తాను మొదలై, నీరు బయటికి పోసి, తనంతట తానే ఆగుతున్నదా అని కళ్లారా చూడండి.

పంపు ఆగిన తరువాత జరిగేది కూడా తెలుసుకోవాలి. మోటారు, బ్యాటరీ, పెట్రోలు ట్యాంకు అన్నీ వెనకే ఉంటాయి కనుక వాననీరు కూడా అటే పారుతుంది. వెనక భాగం కుంగేకొద్దీ, మోటారు బిగించిన పలక అంచు సరస్సు మట్టానికి దిగుతుంది. పంపు గొట్టపు మూతి నీటి కిందికి పోతే అదే గొట్టం గుండా సరస్సు నీరు వెనక్కి వస్తుంది. ఆ తరువాత చిన్న అల చాలు. పడవను కుంగదీసేది వాన, ముంచేది సరస్సు. అందుకే గొట్టపు మూతి నీటి మట్టానికి వీలైనంత ఎత్తున ఉండాలి, పెద్ద వాన హెచ్చరిక వచ్చినప్పుడు పడవను నీటిలో వదలకుండా ఒడ్డుకు చేర్చాలి.

ఒడ్డున ఉంటే భయం లేదనుకునేవారు డ్రెయిన్ ప్లగ్ (పడవలోని నీరు బయటికి పోయే రంధ్రానికి మూత) బిగించి వదిలేస్తున్నారు. ఎలుకలు దూరతాయని ఒకరు, ప్లగ్ పోతుందని ఒకరు. ఆ 700 కిలోలు అప్పుడు ట్రైలర్ మీద, పడవ అడుగు మీద పడతాయి. అడుగు చీలిన పడవలను చూశాను. ప్లగ్ తీసి మోటారు తాళం చెవికి కట్టుకోండి, అప్పుడు దాన్ని బిగించకుండా పడవను నీటిలోకి దించే ప్రమాదం కూడా ఉండదు. ముక్కు వైపు కాస్త ఎత్తు పెట్టి, రంధ్రానికి ఆకులు అడ్డం పడకుండా చూస్తే చాలు.

"వాననీరు మంచినీరే కదా, ఉప్పునీరైతే కదా పాడుచేసేది" అన్నది మరొకటి. ఇనుముకూ అల్యూమినియానికీ ఆ మాట కొంతవరకు వర్తిస్తుంది, చెక్కకు వర్తించదు. పాత ఫైబర్ పడవల వెనక పలక లోపల ప్లైవుడ్ ఉంటుంది, దాన్ని కుళ్లబెట్టే బూజు మంచినీటిలోనే బాగా పెరుగుతుంది. బోల్టుల చుట్టూ తట్టి చూడండి. గట్టి శబ్దానికి బదులు మొద్దు శబ్దం వస్తే పలకను తెరిచి చూడవలసిందే.

టార్పాలిన్ చదునుగా కడితే మధ్యలో నీరు నిలిచి, చివరికి చిరిగి అంతా పడవలోకే వస్తుంది. ముక్కు నుంచి వెనక వరకు ఒక వెదురు బొంగును ఎత్తుగా కట్టి, దానిమీద టార్పాలిన్ రెండు పక్కలకు వాలేలా వేయండి, గాలి ఆడే సందు వదలండి.

పెట్రోలులో ఇప్పుడు ఇథనాల్ కలుస్తున్నది, అది నీటిని పీల్చుకుంటుంది. వానాకాలంలో ట్యాంకు మూతనూ గాలి రంధ్రాన్నీ చూసుకోండి, నీటిని వేరుచేసే ఫిల్టరు పెట్టించుకోండి.

ఇక, అడుగున నాలుగు చెంబుల నీరు కనిపించగానే పడవకు చిల్లు పడిందని నిద్ర మానుకునేవారికి ఒక మాట. అది చాలాసార్లు వాననీరే, మీ కంగారు నాకు అర్థమవుతుంది. నాలుక మీద వేసి ఉప్పగా ఉంటే సరస్సు నీరని, లేకుంటే వాననీరని కొందరు చెబుతారు. వేసవిలో అది పనిచేయవచ్చు గానీ, వానాకాలంలో నదుల నీరు చేరి పులికాట్ ఉప్పదనమే తగ్గిపోతుంది. అడుగును గుడ్డతో పొడిగా తుడిచి, వాన లేని ఒక రోజంతా పడవను నీటిలో ఉంచి చూడండి. మళ్లీ తడి చేరితేనే నాకు ఫోన్ చేయండి.

మోటారే మునిగితే మాత్రం ఆగకుండా ఫోన్ చేయండి. నాలుగు రోజులు ఎండబెడితే సరిపోతుందన్న మాట నమ్మకండి. బయటికి తీసి గాలి తగిలిన క్షణం నుంచే లోపల తుప్పు మొదలవుతుంది. మంచినీటితో కడిగి, స్పార్క్ ప్లగ్గులు తీసి, తాడు లాగి సిలిండర్లలోని నీటిని వెళ్లగొట్టి, నూనె పోసి, అదే రోజు మెకానిక్ దగ్గరకు తీసుకురండి. తాడు కదలకుండా బిగుసుకుపోతే బలవంతంగా లాగకుండా అలాగే తెండి.