ఖరీదైన కార్ట్రిడ్జ్ కొనాలా? కొన్ని అపోహలు, వాస్తవాలు

విజయనగరం గంటస్తంభం దగ్గర రికార్డు ప్లేయర్లు బాగుచేస్తుంటాను. బొబ్బిలి నుంచీ శ్రీకాకుళం నుంచీ వచ్చేవాళ్లు ఈమధ్య అందరూ ఒకటే అడుగుతున్నారు: "మాస్టారూ, కార్ట్రిడ్జ్‌కి ఎంత పెట్టమంటారు?" కార్ట్రిడ్జ్ అంటే ప్లేయర్ చేతి చివర, ముల్లు కదలికని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం. లక్షల్లో ధర పలికేవి ఉన్నాయని ఎక్కడో విని వస్తారు. వాళ్ల డబ్బు వృథా కాకూడదని ఇది రాస్తున్నాను.

అపోహ: ధర పెరిగేకొద్దీ పాట కూడా అంత బాగుంటుంది.

వాస్తవం: కొంతవరకే. మనం పెట్టే ధరలో చెవికి దక్కేది ఎక్కువగా ముల్లు కొసలోనే ఉంటుంది. చవక ముల్లుకి కొస గుండ్రంగా ఉంటుంది. ప్లేటు మీది గాడి గోడలకి సన్నటి ఒంపులుంటాయి. గుండ్రటి గరిటె గిన్నె మూలలకి అందనట్టు, ఆ కొస ఈ ఒంపుల్లోకి పూర్తిగా దిగదు. కోలగా చెక్కిన ఎలిప్టికల్ కొస కొంత నయం. షిబాటా, మైక్రోలైన్ అనే రకం కొసలు ఇంకా బాగా దిగుతాయి. షిబాటా కొస 1970ల మొదట్లో జపాన్‌లో పుట్టింది. అప్పటి నాలుగు చానళ్ల రికార్డుల్లో చెవికి వినపడనంత పై స్థాయిలో ఒక సంకేతం ఉండేది. దాన్ని చదవడానికే ఈ కొసని తయారు చేశారు.

మరి వినేవాడికి తేడా తెలిసేదెక్కడ? ఎల్పీ చివర్లో. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ప్లేటు అంచున ముల్లు కింద సెకనుకి సుమారు 51 సెంటీమీటర్ల గాడి పరుగెడుతుంది. లేబుల్ దగ్గరికి వచ్చేసరికి అది 21కి పడిపోతుంది. అంటే ఒక సెకను సంగీతం అక్కడ సగంకంటే తక్కువ జాగాలో ఇరుక్కోవాలి. అందుకే కచేరీ ప్లేటులో వర్ణం శుభ్రంగా వినిపించి, చివరి తిల్లానాకి వచ్చేసరికి వయొలిన్ గరగరలాడుతుంది, గాత్రంలో సకారాలు చీలిపోతాయి. మంచి కొస ఉన్న ముల్లు పెడితే ఈ బాధ చాలావరకు పోతుంది. ద్వారం వెంకటస్వామినాయుడు గారు పాఠం చెప్పిన ఊరు మనది. తీగ మీద కమాను ఆనే ఆ మొదటి క్షణాన్ని గుర్తుపట్టే చెవులు ఇక్కడ ఇంకా ఉన్నాయి. అలాంటివాళ్లు మంచి ముల్లుకి పెట్టిన డబ్బు ఊరికే పోదని గట్టిగా చెబుతాను.

పైగా మన్నిక. ఆడియో-టెక్నికా వీఎం95 వరసలో బాడీ అలాగే ఉంచి ముల్లు మాత్రం మార్చుకోవచ్చు. గుండ్రటిది 500 గంటలు, ఎలిప్టికల్ 300, షిబాటా 800, మైక్రోలైన్ 1000 గంటలు వస్తాయని కంపెనీ చెబుతుంది. రోజూ వినేవాళ్లు ధర చూసి వెనక్కి తగ్గేముందు గంటకి ఎంత పడుతుందో లెక్క వేసుకోవాలి. ముందు ఎలిప్టికల్‌తో మొదలుపెట్టి, అరిగాక అదే బాడీకి మైక్రోలైన్ ముల్లు తొడగడం నాకు నచ్చిన దారి.

ఆ మెట్టు దాటాక మీరు కడుతున్నది కొసని మోసే బోరాన్ కడ్డీకి, చేత్తో చుట్టిన కాయిల్‌కి, చెక్కలోనో లోహంలోనో మలిచిన బాడీకి. ఆ పనితనం గొప్పదే. కానీ మామూలు స్పీకర్లున్న ఇంట్లో అది వినపడదు. ఆ డబ్బు స్పీకర్ల మీద పెట్టమంటాను.

అపోహ: మూవింగ్ కాయిల్ అయితేనే అసలైన నాదం.

వాస్తవం: ముల్లుతో పాటు సన్నటి తీగచుట్ట కదిలేది మూవింగ్ కాయిల్, అయస్కాంతం కదిలేది మూవింగ్ మాగ్నెట్. మూవింగ్ కాయిల్‌లో పేరుమోసిన డెనాన్ డీఎల్-103 కొస గుండ్రటిదే. జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కేతో కలిసి 1960ల్లో తయారుచేసిన ఈ కార్ట్రిడ్జ్‌ని నేటికీ ఇష్టంగా కొంటారు. బాగుంటుంది, కాదనను. అయితే అది ఇచ్చేది 0.3 మిల్లీవోల్టు, మామూలు మూవింగ్ మాగ్నెట్ 3 నుంచి 5 ఇస్తుంది. అంత చిన్న సంకేతాన్ని పెంచడానికి వేరే ఫోనో ఆంప్ కావాలి. ఎర్తింగ్ సరిగా లేని పాత ఇళ్లలో పాటతో పాటు హమ్ కూడా పెరుగుతుంది. ముల్లు అరిగితే మీరే లాగి కొత్తది తొడగడం కుదరదు, కార్ట్రిడ్జ్ మొత్తం మార్చాలి, లేదా కొత్త కొస అతికించడానికి దూరం పంపాలి.

అపోహ: ముల్లు ప్లేటు మీద మోపే బరువు తగ్గిస్తే ప్లేటు అరగదు.

వాస్తవం: బరువు చాలకపోతే ముల్లు గాడిలో ఎగిరెగిరి గోడలకి కొట్టుకుంటుంది. ప్లేటుకి ఎక్కువ దెబ్బ అదే. వీఎం95 ఎలిప్టికల్‌కి 2 గ్రాములు చెబితే 2 గ్రాములే పెట్టండి. చిన్న డిజిటల్ తూకం చవకే. ముల్లు జారుతోందని ప్లేయర్ చేతి తల మీద రూపాయి బిళ్ళ పెట్టేవాళ్లూ ఉన్నారు. దయచేసి వద్దు. అది అదనంగా మూడు గ్రాములపైనే, బరువు రెట్టింపు దాటుతుంది.

అపోహ: గరగర వస్తోందంటే కొత్త కార్ట్రిడ్జ్ కొనాల్సిందే.

వాస్తవం: నా బల్ల మీదికి వచ్చేవాటిలో చాలా వాటికి జబ్బు దుమ్ము, బూజు, కోణం తప్పిన కార్ట్రిడ్జ్. భీమిలి, కళింగపట్నం వైపు తేమకి కవర్ల లోపల బూజు పడుతుంది. ముందు ఎల్పీలని డిస్టిల్డ్ వాటర్‌తో తుడవండి. కోణం చూపే గీతలున్న ప్రొట్రాక్టర్ కాగితం పెట్టి కార్ట్రిడ్జ్‌ని సరిచూడండి. మోనో ప్లేట్లకి ఆంప్ మీద మోనో మీట నొక్కండి, నిలువు కదలికల రొద చాలా తగ్గుతుంది.

తాతల నాటి, నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క ప్లేట్లకి మాత్రం షిబాటా, మైక్రోలైన్ దండగే. వాటి గాడి వెడల్పు. ఎల్పీ ముల్లు కంటే నాలుగైదు రెట్లు లావు కొస, 3 మిల్‌ది (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) కావాలి. వీఎం95 వరసలోనే 78ల కోసం అది దొరుకుతుంది, దానికి పెట్టాల్సిన బరువు 5 గ్రాములు. ఈ ప్లేట్లని స్పిరిట్‌తో తుడవకండి, లక్క కరిగిపోతుంది.