గడ్డ తీశారు సరే, బ్లాక్ ఎక్కడ?

నెల్లూరు, ఒంగోలు వైపు అండాశయంలో గడ్డకి ఆపరేషన్ అయ్యాక రిపోర్టు చివర ‘ఐహెచ్‌సీ చేయించండి’ (తీసిన ముక్కకే చేసే ఇంకో పరీక్ష) అని కనపడితే ఇంట్లోవాళ్లకి ముందు వచ్చే అనుమానం, ఇదంతా డబ్బులు గుంజడానికే అని. ప్రతిసారీ అలా కాదు. ఆ ఒక్క లైను వెనక నూటయాభై ఏళ్ల తంటా ఉంది.

అండాశయంలో హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టే గ్రాన్యులోసా సెల్ ట్యూమర్‌నే తీసుకోండి. అండాశయ క్యాన్సర్లలో నూటికి రెండు నుంచి ఐదు వరకే ఇది. 1855లోనే వియన్నా డాక్టరు రొకిటాన్‌స్కీ దీన్ని వర్ణించాడు, కానీ ఆ తర్వాత వందేళ్లు దాటినా డాక్టర్లకి ఉన్నది మైక్రోస్కోపు, రంగు వేసిన స్లైడు, అనుభవం, అంతే. కాఫీ గింజలా మధ్యలో గాడి పడిన కేంద్రకాలు కనిపిస్తే ఇదే అనేవాళ్లు, తీరా చూస్తే వేరే గడ్డలూ ఇదే వేషంలో ఉండేవి.

1975లో మోనోక్లోనల్ యాంటీబాడీల (ఒకే ఒక్క ప్రోటీన్‌ని వెతికి పట్టుకునేవి) తయారీ తెలిశాక కణాల్లో ఏ ప్రోటీన్ ఉందో రంగుతో పట్టుకోవడం తేలికైంది, అదే ఐహెచ్‌సీ. ఈ గడ్డ ఉన్నవాళ్ల రక్తంలో ఇన్‌హిబిన్ అనే అండాశయ హార్మోను పెరుగుతుందని 1989లో తేలింది, ఇప్పుడు ముక్క మీద వేసే ముఖ్యమైన స్టెయిన్లలో అదొకటి. అండాశయ క్యాన్సర్ అనుమానం వస్తే అందరూ చేయించే రక్తపరీక్ష సీఏ-125 ఇందులో చాలాసార్లు నార్మల్‌గానే వస్తుంది, దాన్ని చూసి నిశ్చింతగా కూర్చోకూడదు. 2009లో వాంకూవర్ పరిశోధకులు ఇంకో మెట్టు ఎక్కారు: పెద్దవాళ్లలో వచ్చే రకంలో దాదాపు అన్నిటిలోనూ ఫాక్స్‌ఎల్2 జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారి ఉంటుందని చూపించారు.

ఇక మన సంగతి. చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకోవడంలో ఆంధ్రప్రదేశ్ దేశం మొత్తంలో ముందుంటుందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతూనే ఉన్నాయి. గ్రాన్యులోసా గడ్డ ఈస్ట్రోజన్ తయారుచేస్తుంది కాబట్టి ముట్లు ఆగిపోయినావిడకి మళ్లీ బ్లీడింగ్ కావడం దీనికి పెద్ద గుర్తు. గర్భసంచే లేకపోతే ఆ గుర్తు ఎక్కడ్నుంచి వస్తుంది?

తీసిన గడ్డని డబ్బాలో వేసి చుట్టాల చేతికిచ్చి ల్యాబ్‌లో ఇచ్చి రమ్మంటారు. అందులో ముక్క పాడవకుండా పోసే మందు, ఫార్మలిన్, ముక్కకి పదింతలు ఉండాలి, పెద్ద గడ్డయితే కోసి వేయాలి, లేకపోతే మందు లోపలిదాకా దిగక మధ్యభాగం పాడవుతుంది. అప్పుడు ఎంత ఖరీదైన జన్యు పరీక్ష చేసినా దండగే.

ఆ ముక్కని ల్యాబ్‌లో మైనంలో దించి బ్లాక్ చేస్తారు. ఐహెచ్‌సీకైనా, జన్యు పరీక్షకైనా కావాల్సింది అదే. మద్రాసుకో వేలూరుకో వెళ్లేవాళ్లు స్కాన్ ఫిల్ములన్నీ సంచీలో పెట్టుకుని బ్లాక్ మర్చిపోతారు, అక్కడేమో ముందు అడిగేది బ్లాకులూ స్లైడులే. మళ్లీ పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వెనక్కి. పైగా ఈ రకం పదేళ్లకీ ఇరవై ఏళ్లకీ కూడా తిరగబెడుతుంది, అప్పుడు కొత్తదీ పాతదీ ఒకటేనా అని చూడ్డానికి పాత బ్లాకే కావాలి. ల్యాబులు ఎల్లకాలం దాచవు. సంతకం పెట్టి తెచ్చుకోండి, రిపోర్టుతో పాటు నీడపట్టున ఉంచండి, రోహిణి కార్తె ఎండలో కారులో మాత్రం వదిలేయకండి, మైనం మెత్తబడిపోతుంది.