ఇటలీలో తిండి: మనవాళ్ల అపోహలు, అసలు సంగతులు

"అన్నా, ఇటలీలో పొద్దున పదకొండు దాటాక కాపుచినో, అదే నురగ పాల కాఫీ, అడిగితే బయటికి గెంటేస్తారంట కదా?" పోయిన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో వీసా గురించి కన్నా దీని గురించే ఎక్కువ మెసేజ్‌లు వచ్చాయి. పదకొండేళ్లుగా విజయవాడ, హైదరాబాద్ నుంచి మనవాళ్లని టూర్లకి తీసుకెళ్తున్నా, ఏడాదికి రెండు మూడు సార్లు ఇటలీ ఉంటుంది, ఇంతవరకు కాపుచినో అడిగినందుకు ఎవర్నీ ఎవడూ గెంటలేదు. తెచ్చిస్తాడు. లోపల ఏదో అనుకుంటాడు, అంతే. ఇలాంటివాటికి భయపడిపోయి, నిజంగా డబ్బులు, మూడ్ రెండూ పోయే సంగతి, అదే అక్కడి హోటళ్ల భోజనం వేళల గురించి మాత్రం ఒక్కళ్లూ అడగరు, అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: అంత పెద్ద టూరిస్ట్ దేశం, ఆకలేసినప్పుడు ఏ హోటల్‌కి వెళ్లినా తిండి దొరుకుద్ది

దొరకదు. మళ్లీ చెప్తున్నా, దొరకదు. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా, మళ్లీ రాత్రి ఏడు, ఏడున్నర తర్వాత, మంచి ట్రాటోరియా, అంటే ఇంటి వంట తరహా చిన్న హోటల్, ఏదైనా దాదాపు ఇదే టైం. మధ్యలో పొయ్యి ఆపేస్తారు. తలుపు తీసే ఉంటుంది, లోపల నలుగురు కూర్చుని తింటూ కూడా కనపడతారు, మనం వెళ్లి అడిగితే 'కుచీనా క్యూజా' అంటారు, వంటిల్లు మూసేశాం అని. ఆ తినేవాళ్లు కస్టమర్లు కాదు బాబూ, వంటవాళ్లు, సర్వర్లు, పొద్దుటినుంచి నిలబడి అప్పుడు కూర్చున్నారు.

మనవాళ్లకి ఇక్కడే మనసు విరుగుద్ది. నా రెండో ట్రిప్‌లో రోమ్ నుంచి ఫ్లోరెన్స్ వెళ్తున్నాం. దారిలో షాపింగ్ అంటే సరే అని గంట ఎక్కువ ఆపాను, తప్పు నాదే, ఒప్పుకుంటా. దిగేసరికి మూడు దాటింది. తెనాలి నుంచి వచ్చిన ఒక పెద్దాయన, రిటైర్డ్ మాస్టారు, షుగర్ ఉంది, చేతులు వణుకుతున్నాయి. మూడు చోట్ల అడిగాం, మూడు చోట్లా అదే మాట. "మన రంగు చూసి లేదంటున్నారు నాయనా, లోపల వాళ్లు తింటున్నారుగా" అన్నాడాయన, ఆ గొంతు నాకింకా గుర్తుంది. కాదు మాస్టారూ, రెండున్నర దాటితే వాళ్ల సొంత ఊరోళ్లకైనా ఇదే మాట అని చెప్తే వినే పరిస్థితిలో లేరు. చివరికి స్క్వేర్‌లో ఫోటోల మెనూ పెట్టుకుని గుమ్మంలో మనిషిని నిలబెట్టి పిలుస్తుంటారే, అలాంటిదాంట్లోకి వెళ్లాం. తొమ్మిది మందికి రెండొందల యూరోల పైన, పొరలు పొరలుగా కాల్చే పాస్తా, లజానియా, నడిమధ్యలో ఇంకా చల్లగానే ఉంది. మా బస్సులో ఇటలీ తిండి బాలేదు అనే మాట పుట్టింది ఆ పూటే, టూర్ అయ్యేదాకా పోలేదు.

ఎందుకిలా అంటే, మనకి మర్యాద అంటే వేళ కాని వేళ వచ్చినా పప్పు, పచ్చడి వేసి పెట్టడం. వాళ్లకీ తిండి మీద ప్రేమ తక్కువేం కాదు, వాళ్లమ్మలు కూడా ఫోన్ ఎత్తగానే 'ఆయ్ మంజాతో?' అంటారు, అచ్చం మన 'తిన్నావా?'నే. కాకపోతే వాళ్ల ప్రేమ టైంకి కట్టేసి ఉంటుంది. ఒంటిగంటకి అందరూ కూర్చోవాలి, కలిసి తినాలి, లేవాలి. అమెరికా వాళ్లు కార్లో తింటారు, ఇంగ్లండ్ వాళ్లు ఆఫీసు టేబుల్ దగ్గరే సాండ్‌విచ్ కానిచ్చేస్తారు, అది చూస్తే ఇటలీ వాళ్లకి కోపం కాదు, జాలి. 1986లో రోమ్‌లో స్పానిష్ స్టెప్స్ దగ్గర మెక్‌డొనాల్డ్స్ పెడుతున్నారంటే గొడవ చేశారు, కార్లో పెత్రీని అనే ఆయన నడిపిన స్లో ఫుడ్ ఉద్యమం, ఫాస్ట్ ఫుడ్‌కి ఎదురు అన్నమాట, ఆ వేడిలోంచి వచ్చిందే. అలాగని అందరూ మునులు కాదులెండి, ఆ మెక్‌డొనాల్డ్స్ ఇప్పటికీ ఉంది, లోపల ఇటలీ పిల్లలే కూర్చుంటారు. 2025 డిసెంబర్‌లో యునెస్కో ఇటాలియన్ వంటని వారసత్వ జాబితాలో పెట్టింది కదా, ఆ సమావేశం జరిగింది మన ఢిల్లీలోనే, దీపావళి కూడా అందులోనే ఎక్కింది. అక్కడ గుర్తింపు వచ్చింది ఫలానా పిజ్జాకో పాస్తాకో కాదు, కలిసి వండుకుని కలిసి తినే ఆ పద్ధతికి.

మరి మూడింటికి ఆకలేస్తే? ఫోర్నో అని బోర్డు ఉంటే బేకరీ, రోజంతా తీసి ఉంచేవి చాలానే ఉంటాయి. పిజ్జా అల్ తాల్యో అంటే ముక్క కోసి తూకానికి ఇస్తారు, ధర చాలాచోట్ల ఎత్తోకి రాస్తారు, ఎత్తో అంటే వంద గ్రాములు, అది చూసి కిలో ధర అనుకుని ఎగబడకండి. బార్ అంటే మందు షాపు కాదు, కాఫీ, సాండ్‌విచ్ దొరికే చోటు, ఆడవాళ్లు, పిల్లలు హాయిగా వెళ్లొచ్చు. షుగర్ ఉన్నవాళ్లు రాత్రి భోజనం ఎనిమిదవుద్దని బయల్దేరక ముందే డాక్టర్‌కి చెప్పి మందుల టైం మార్చుకోండి, బ్యాగులో బిస్కెట్లు పెట్టుకోండి. అమ్మా నాన్నల్ని పంపుతున్న పిల్లలకి ముఖ్యంగా చెప్తున్నా.

మిగతావి గబగబా చెప్పేస్తా.

బిల్లులో కొపెర్తో అని వేసేది మోసం కాదు. మనిషికి సాధారణంగా ఒకటి నుంచి మూడు యూరోలు, టేబుల్, బ్రెడ్ కింద, మెనూలో రాసే ఉంటుంది. రోమ్ ఉన్న లాట్సియో ప్రాంతంలో 2006 చట్టంతో తీసేశారు, అక్కడ బ్రెడ్‌కి వేరేగా వేస్తారు. దానిమీద సర్వర్‌తో అరగంట గొడవపడి, తర్వాత వెనిస్‌లో శాన్ మార్కో స్క్వేర్‌లో కూర్చుని కాఫీ తాగి, కొపెర్తో కన్నా ఎక్కువే పోగొట్టుకున్నవాళ్లని చూశాను! నిలబడి తాగితే ఒక రేటు, కూర్చుంటే ఇంకో రేటు, ముందే అడగండి.

ఒకదాని తర్వాత ఒకటి వడ్డించే నాలుగు కోర్సులూ తినాలనే రూలేం లేదు. ఒక్క పాస్తా చెప్పుకోండి, ఎవరూ ఏమనరు. శనివారం రాత్రి నలుగురు కూర్చుని ఒక్క పిజ్జా చెప్తే మాత్రం సర్వర్ మొహం మాడుద్ది, అక్కడ పిజ్జా మనిషికొకటి.

కాపుచినో సంగతి ఏంటంటే, భోజనం మీద పాలు పడితే అరగదని వాళ్ల నమ్మకం. తిన్నాక ఈత కొట్టొద్దంటారు, చెమట మీద చల్లనీళ్లు తాగొద్దంటారు. మన ఇళ్లలో వేడి చేస్తుంది, చలవ చేస్తుంది అనడం లేదా, అదే బాపతు.

స్పగెట్టి బొలొనేజ్ అనే మాంసం సాస్ పాస్తాని బొలోన్యా ఊళ్లో అడగొద్దు, అక్కడ రగూ, అదే ఆ మాంసం సాస్, తాల్యతెల్లే అనే వెడల్పు పాస్తాతోనే తింటారు, ఆ రెసిపీని 1982లో ఛాంబర్ ఆఫ్ కామర్స్‌లో రిజిస్టర్ చేసి మరీ పెట్టుకున్నారు. కారం ఉండదు అనేవాళ్లు దక్షిణాన కలాబ్రియా ప్రాంతం వెళ్లి ఎండుమిర్చి దండలు చూసి మాట్లాడండి.

శాకాహారులకి ఒక్కటి మాత్రం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. "చీజే కదా, వెజ్జే" అనుకుంటారు. పార్మిజానో రెజ్జానో అనే చీజ్‌లో పాలు విరగ్గొట్టడానికి వాడేది దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్, వాళ్ల రూల్ ప్రకారం వేరేది వాడకూడదు. పెకోరీనో రొమానో అనే ఇంకో చీజ్‌లో గొర్రెపిల్లది. ఒక పిన్నిగారికి ఆరో రోజు ఈ సంగతి తెలిసి ఆ రాత్రి ఏమీ తినలేదు, నాతో మాట్లాడలేదు కూడా. అప్పటినుంచి ఎయిర్‌పోర్ట్‌లోనే చెప్పేస్తున్నా. తినడం మానడం మీ ఇష్టం, వద్దనుకుంటే 'సెన్సా ఫొర్మాజ్జో' అనండి, చీజ్ లేకుండా అని.

ఇక పచ్చళ్లు. ఆవకాయ హోటల్ రూంలో పెట్టుకోండి, ట్రాటోరియా టేబుల్ మీద మూత తీయకండి. నెయ్యి, పాలకోవా అసలు పెట్టుకోవద్దు, బయటి దేశాల నుంచి పాల పదార్థాలు లగేజ్‌లో తేవడం యూరోపియన్ యూనియన్‌లో నిషేధం. ఎయిర్‌పోర్ట్‌లో తీసి పారేస్తే నేనేం చెయ్యలేను.