ఒకే మైక్రోకంప్యూటర్, నాలుగు టెర్మినళ్లు: అపోహలు - వాస్తవాలు

మైక్రోకంప్యూటర్ మీద నాలుగు టెర్మినళ్ల (తెర, కీబోర్డు జతల) నుంచి ఒకేసారి నలుగురు పనిచేయడం లైనక్స్ వచ్చాకే మొదలైందని చాలామంది కుర్ర ఇంజనీర్లు నమ్ముతారు. కాదు. డిజిటల్ రీసెర్చ్ కంపెనీ వాళ్ల ఎంపీ/ఎం అనే మల్టీయూజర్ (ఒకేసారి పలువురు వాడుకునే) ఆపరేటింగ్ సిస్టమ్ 1979లోనే వచ్చింది. మైక్రోసాఫ్ట్ 1980 ఆగస్టులో తన మల్టీయూజర్ ఆపరేటింగ్ సిస్టమ్ జెనిక్స్‌ను ప్రకటించేనాటికి ఎంఎస్-డాస్ ఇంకా బజారులోకే రాలేదు. నేను పని నేర్చుకున్నది ఆ జెనిక్స్ మీదే.

అపోహ: అదే డిజిటల్ రీసెర్చ్ వాళ్ల మామూలు ఆపరేటింగ్ సిస్టమ్ సీపీ/ఎంలో 'యూజర్' కమాండ్ ఉందిగా, అదీ మల్టీయూజరే.
వాస్తవం: సీపీ/ఎం 2.2లో 0 నుంచి 15 వరకు ఉన్న యూజర్ నంబర్లు ఒకే డిస్కులోని అరల్లాంటివి. 'యూజర్ 3' అని కొడితే మూడో అర తెరుచుకుంటుంది, పాస్‌వర్డ్ ఉండదు. కీబోర్డు ఒకటే, మనిషీ ఒక్కడే.

అపోహ: 64 కేబీ మెమరీలో నలుగురు ఇమడరు.
వాస్తవం: ఆనాటి ప్రాసెసర్ చిప్ జెడ్80 ఒకేసారి చూడగలిగేది 64 కేబీనే, నిజం. అందుకే మెమరీని బ్యాంకులుగా అమర్చి, ఎవరి వంతు వస్తే వాళ్ల బ్యాంకును ముందుకు తెచ్చేవారు. మనిషికి 48 కేబీ దాకా దక్కేది. పైన ఒక ముక్క మాత్రం అందరికీ ఉమ్మడి. దానికి కాపలా కాసే ఏర్పాటు ఆ చిప్‌లో లేదు. ఒకరి ప్రోగ్రాం దారితప్పి అక్కడ రాస్తే అందరి తెరలూ ఆగిపోయేవి.

అపోహ: సీపీయూని వంతులేసి పంచితే చాలు.
వాస్తవం: అసలు చిక్కు ఫైళ్లతో. మొదట్లో నేను రాసిన ఎరువుల స్టాకు ప్రోగ్రాంలో జరిగింది చెబుతాను. యూరియా 40 బస్తాలుంది. ఒక గుమాస్తా 10 అమ్మి 30 అని రాశాడు. అంతకుముందే 40 చదువుకున్న రెండో గుమాస్తా 5 అమ్మి 35 అని రాశాడు. గిడ్డంగిలో ఉన్నవి 25 బస్తాలు, ఫైల్లో 35. ఆపరేటింగ్ సిస్టమ్ తప్పేమీ లేదు, నేనే రికార్డుకు తాళం వేయలేదు, అంటే ఒకరు మారుస్తున్నంతసేపు ఇంకొకరు దాన్ని ముట్టకుండా ఆపలేదు. 1981 నాటి ఎంపీ/ఎం రెండో వెర్షన్‌లోనే ఈ తాళం సదుపాయం (రికార్డు లాకింగ్) ఉంది, జెనిక్స్‌లోనూ ఉంది.

తాళం పెట్టాను. మర్నాడే ఒకాయన రికార్డు తెరిచి భోజనానికెళ్లాడు, మిగతావాళ్లు గంటసేపు తెరల ముందు కూర్చున్నారు. అప్పుడు మార్చాను: చదివేటప్పుడు తాళం లేదు. రాసే క్షణంలో తాళం వేసి, మళ్లీ చదివి, తేడా ఉంటే గుమాస్తాకు చూపించి, లేకపోతే రాసేసి, వెంటనే తీసేయడం.