సముద్రం గడియారం

ప్రియమైన పిల్లలూ,

మీ ఉత్తరం అందింది. సెలవుల్లో మూడు రోజులు సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరికి వెళ్తున్నారట, అక్కడ ఏం చూడాలో, ఏం తినాలో, ఏం చేయాలో రాయమన్నారు. ఎంత వెతికినా ఒక లైట్ హౌస్, ఒక చేపల రేవు తప్ప ఏమీ దొరకలేదని దిగులు పడ్డారు కూడా. ఆ రెండూ ఉన్నాయంటే మీకు మూడు రోజులు చాలవు.

నేను మీ వయసులో అలాంటి ఊరికి మొదటిసారి వెళ్లినప్పుడు మిట్టమధ్యాహ్నం దిగాం. ఇసుక కాళ్లు కాల్చేస్తోంది. రేవులో మనిషి లేడు. పడవలన్నీ ఒడ్డుకు లాగేసి ఉన్నాయి. సాయంత్రానికే తిరిగొచ్చేసి, అక్కడ చూడ్డానికి ఏమీ లేదని అందరికీ చెప్పాను. చాలా ఏళ్ల తర్వాత మరో ఊళ్లో తెల్లవారకముందే మెలకువ వచ్చి రేవు వైపు నడిచాను. ఊరు ఊరంతా అక్కడే ఉంది. పడవలు ఒక్కొక్కటే చీకట్లోంచి బయటపడుతున్నాయి, ఒడ్డున బుట్టలు సిద్ధంగా ఉన్నాయి, వేలం కేకలు మొదలయ్యాయి. ఎండ ఎక్కేసరికి అంతా సర్దుకుని ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. చిన్నప్పుడు నేను వెళ్లింది ఆ ఊరు నిద్రపోయే వేళకని అప్పుడు తెలిసింది. అలాంటి ఊళ్లు సముద్రం గడియారం చూసుకుని నడుస్తాయి. మీరు కూడా ఆ మూడు రోజులూ మీ గడియారం పక్కన పెట్టి దాన్నే చూడండి.

వెళ్లగానే పోటు ఎప్పుడో, పాటు ఎప్పుడో కనుక్కోండి. పోటు అంటే నీళ్లు ఒడ్డు మీదికి ఎక్కడం, పాటు అంటే వెనక్కి దిగడం. రేవులో ఎవరినడిగినా చెప్తారు. చంద్రుడు భూమ్మీది నీటిని తన వైపు లాగుతాడు. చంద్రుడున్న వైపు నీరు ఉబ్బినట్టే, సరిగ్గా దానికి అవతలి వైపు కూడా ఉబ్బుతుంది. భూమి తిరుగుతూ ఆ రెండు ఉబ్బుల్నీ దాటుతుంది కాబట్టి చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు వస్తాయి. ఒక పోటుకూ ఇంకో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. భూమి ఒక చుట్టు తిరిగేలోపు చంద్రుడు కూడా కొంచెం ముందుకు జరుగుతాడు. అతన్ని అందుకోవడానికి భూమికి ఇంకో 50 నిమిషాలు పడుతుంది. అందుకే ఇవాళ పొద్దున ఆరింటికి నీళ్లు బాగా దిగితే, రేపు దాదాపు ఏడింటికి దిగుతాయి, ఎల్లుండి ఎనిమిదికి కాస్త ముందు. ఈ లెక్క మీ నోటుబుక్కులో రాసుకుని మూడు రోజులూ సరిచూడండి. మీ కళ్లముందే చంద్రుడి లెక్క తేలుతుంది.

అమావాస్యకూ పున్నమికీ సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరసలోకి వస్తాయి. ఆ రోజుల చుట్టుపక్కల నీళ్లు బాగా ఎక్కుతాయి, బాగా దిగుతాయి. అష్టమి దగ్గర తేడా తక్కువ. ఊరిని బట్టి కూడా ఇది మారుతుంది. కెనడాలో బే ఆఫ్ ఫండీ అనే చోట పోటుకూ పాటుకూ తేడా 16 మీటర్ల దాకా ఉంటుంది, అంటే ఐదంతస్తుల మేడంత. మధ్యధరా సముద్రంలో చాలా చోట్ల అర మీటరు కూడా ఉండదు.

నీళ్లు దిగిన వేళ రాళ్లున్న వైపు వెళ్లండి. రాళ్ల గుంటల్లో మిగిలిపోయిన నీళ్ల పక్కన పావుగంట కదలకుండా కూర్చోండి. మొదట ఏమీ కనిపించదు. తర్వాత ఒక శంఖం నడవడం మొదలుపెడుతుంది. అది శంఖం పురుగు కాదు, సన్యాసి పీత. దాని పొట్ట భాగానికి గట్టి పెంకు లేదు కాబట్టి ఖాళీ శంఖం వెతుక్కుని అందులో కాపురం పెడుతుంది. పెరిగి పెద్దదైతే ఇంకో పెద్ద శంఖానికి మారుతుంది. అందుకే నా మాట విని మంచి శంఖాలు ఏరి ఇంటికి తెచ్చుకోకండి. మీకు అది షోకేసులో బొమ్మ, దానికి ఇల్లు. రాయి తిప్పి చూస్తే మళ్లీ ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టండి. నీళ్లు మళ్లీ ఎక్కడం మొదలవగానే వెనక్కి వచ్చేయండి. రాళ్ల మీద కూర్చున్నవాళ్లకు వెనక నుంచి నీళ్లు చుట్టుకున్నది తెలియదు.

ఇక తిండి. దీని గురించి నేను ఎంతైనా రాస్తాను. చేప ఎక్కడ తినాలో హోటల్ బోర్డు చూసి తేల్చకండి, ముందు రేవులో చేపను చూడటం నేర్చుకోండి. తాజా చేప కన్ను ఉబ్బి, నిగనిగలాడుతూ ఉంటుంది. పాతబడితే కన్ను లోపలికి పోయి తెల్లగా మసకబారుతుంది. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి, గోధుమ రంగుకు తిరగకూడదు. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోకూడదు. అన్నింటికంటే వాసన ముఖ్యం. తాజా చేప సముద్రపు వాసనే వస్తుంది. నీచు వాసన అనేది తర్వాత పుడుతుంది. సముద్రపు చేప ఒంట్లో ఉప్పునీటిని తట్టుకోవడానికి ఒక పదార్థం ఉంటుంది. చేప చచ్చాక సూక్ష్మజీవులు దాన్ని ట్రైమిథైలమిన్‌గా మారుస్తాయి. ఆ కంపు దానిదే. అది క్షార గుణం ఉన్నది కాబట్టి పులుపు తగిలితే దాని ఘాటు అణుగుతుంది. ప్రపంచంలో ఎక్కడ చేప వండినా పక్కన నిమ్మకాయో, చింతపండో, వెనిగరో ఎందుకుంటుందో ఇప్పుడు తెలిసింది కదా. వంటవాళ్లు ఈ కెమిస్ట్రీని పుస్తకాల్లోకి రాకముందే నాలుకతో కనిపెట్టారు.

ఒక్క జాగ్రత్త మాత్రం మీ అమ్మకు కూడా చదివి వినిపించండి. ట్యూనా, కానాగంత లాంటి చేపల్ని ఐసులో పెట్టకుండా ఎండలో వదిలేస్తే వాటిలో హిస్టమిన్ అనేది పేరుకుపోతుంది. తిన్నాక ముఖం ఎర్రబడి, ఒళ్లు దద్దుర్లు లేస్తుంది. ఎంత మరిగించినా, ఎంత వేయించినా అది పోదు. కాబట్టి ఐసు లేని బుట్టలో చేప ఎంత చవగ్గా ఇచ్చినా వద్దనండి. రొయ్యలు, పీతలు ఎప్పుడూ తినని పిల్లలుంటే మొదటిసారి కొంచెమే తిని ఆగండి, కొందరికి పడవు.

పడవల గురించి ఒక ముక్క. పగలు నేల తొందరగా వేడెక్కుతుంది, నీరు నెమ్మదిగా వేడెక్కుతుంది. అందుకని మధ్యాహ్నం గాలి సముద్రం నుంచి ఊరి వైపు వీస్తుంది. రాత్రి నేల తొందరగా చల్లారుతుంది, గాలి తిరగబడి ఊరి నుంచి సముద్రం వైపు వీస్తుంది. మోటార్లు లేని రోజుల్లో తెరచాప పడవలు తెల్లవారుజామున ఆ గాలి పట్టుకుని లోపలికి పోయి, మధ్యాహ్నం ఈ గాలి మీద ఇంటికి వచ్చేవి. తడి వేలు గాలికి ఎత్తి పట్టుకుని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడండి. చల్లగా తగిలిన వైపు నుంచే గాలి వస్తోంది.

స్నానం విషయంలో మాత్రం నాకు చాలా టెన్షన్‌గా ఉంటుంది, అందుకే ఇది రెండుసార్లు చదవండి. ఒడ్డుకు వచ్చిన అలల నీళ్లన్నీ ఎక్కడో ఒకచోట నుంచి తిరిగి లోపలికి పోవాలి. ఒక్కోసారి అవి సన్నని దారిలో, వేగంగా పోతాయి. ఆ చోట అలలు విరగవు, నీళ్లు నల్లగా, నిశ్శబ్దంగా ఉంటాయి. చూసేవాళ్లకు అదే అన్నిటికంటే మంచి చోటులా కనిపిస్తుంది! ఆ ప్రవాహం మనిషిని కిందికి లాగదు, దూరానికి తీసుకుపోతుంది. ఎదురీదితే ఈత ఛాంపియన్ కూడా అలసిపోతాడు. అందులో పడితే కంగారు పడకుండా తేలుతూ చెయ్యెత్తి పిలవండి. ఓపిక ఉంటే ఒడ్డు వైపు కాకుండా, ఒడ్డు వెంబడి పక్కకు ఈది దారి దాటాక అప్పుడు ఒడ్డుకు తిరగండి. పెద్దవాళ్లు లేకుండా మోకాలి లోతు దాటొద్దు.

ఇంకొకటి, సునామీ గురించి. వేళ కాని వేళ సముద్రం ఉన్నట్టుండి బాగా వెనక్కి పోతే, అడుగున చేపలు కొట్టుకుంటున్నాయని ఏరడానికి పరిగెత్తకండి, ఎత్తైన చోటికి పరిగెత్తండి. పోటు వేళలు తెలిసిన పిల్లలకే అది వేళ కాదని తెలుస్తుంది. 2004 డిసెంబరు 26న థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లో టిల్లీ స్మిత్ అనే పదేళ్ల ఇంగ్లండు అమ్మాయి సముద్రం నురగలు కక్కుతూ వింతగా ఉండటం చూసింది. రెండు వారాల ముందే వాళ్ల స్కూల్లో సునామీ పాఠం చెప్పారు. అమ్మానాన్నలు నమ్మేదాకా అరిచి చెప్పింది. బీచ్ ఖాళీ చేయించారు. సుమారు వంద మంది బతికారు.

లైట్ హౌస్ ఎక్కనిస్తే సాయంత్రం ఎక్కండి. ఒడ్డున నిలబడ్డ మీకు సముద్రం నాలుగైదు కిలోమీటర్ల వరకే కనిపిస్తుంది, భూమి గుండ్రంగా ఉంది కాబట్టి ఆ పైన వంగిపోతుంది. 30 మీటర్ల ఎత్తు నుంచి దాదాపు 20 కిలోమీటర్లు కనిపిస్తుంది. పైన దీపం చుట్టూ ఉన్న అద్దాన్ని దగ్గరగా చూడండి. దీపం వెలుగు దూరం పోవాలంటే చాలా మందమైన భూతద్దం కావాలి, అది మోయలేనంత బరువు. ఫ్రెనెల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఆ అద్దాన్ని ఉంగరాలు ఉంగరాలుగా చేసి, పనికిరాని మందం తీసేశాడు. 1823లో ఫ్రాన్స్‌లోని కొర్దువాన్ లైట్ హౌస్‌లో మొదటిసారి వెలిగించారు.

రాత్రి భోజనం అయ్యాక బయట కూర్చుని ఆ దీపాన్ని చూస్తూ ఒకటి, రెండు, మూడు అని సెకన్లు లెక్కపెట్టండి. ఎన్నిసార్లు మెరిసింది, ఎన్ని సెకన్లు ఆగింది, మళ్లీ ఎప్పుడు మెరిసింది. దగ్గర దగ్గరి లైట్ హౌస్‌లకు ఒకే లెక్క పెట్టరు. చీకట్లో వస్తున్న పడవవాడు ఆ లెక్క చూసే ఇది ఫలానా ఊరని పోల్చుకుంటాడు. మీ ఊరి లెక్క ఎంతో నాకు ఉత్తరంలో రాయండి. ఎదురు చూస్తూ ఉంటాను.

ప్రేమతో,
మీ అమ్మమ్మ