గోల్డ్‌ఫిష్ ట్యాంకు రాత్రిపూట ఎందుకు మోగుతుంది?

పగలంతా ఎవరికీ పట్టని ఆ గుర్రుమనే మోత, రాత్రి టీవీ కట్టేశాక గదంతా తానే అవుతుంది. చాలా ఇళ్లలో దీనికి ఒకటే మందు: పడుకునే ముందు ఫిల్టర్ స్విచ్ ఆపేయడం. మేత ఎక్కువ వేయడం తర్వాత గోల్డ్‌ఫిష్‌కి అంత చేటు చేసే అలవాటు ఇదే అంటాను.

ఫిల్టర్ అంటే చెత్త పట్టే జల్లెడ అనుకుంటాం. నిజానికి చెత్త పట్టడం దాని చిన్న పని. గోల్డ్‌ఫిష్ మొప్పల్లోంచి రాత్రీ పగలూ అమ్మోనియా నీళ్లలోకి వదులుతూనే ఉంటుంది. స్పాంజి రంధ్రాల్లో కాపురం పెట్టిన బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ రెండు మెట్లకూ వేర్వేరు బాక్టీరియా ఉండాల్సిందేనని శాస్త్రవేత్తలు వందేళ్లకు పైగా నమ్మారు. రెండు పనులూ ఒక్కటే చేసుకునే నైట్రోస్పైరా అనే బాక్టీరియా రకాలున్నాయని 2015లో తేలింది. వీటన్నిటికీ ఆక్సిజన్ కావాలి. నీటి కదలిక ఆగితే వాటి పని మందగిస్తుంది, చేప మాత్రం అమ్మోనియా వదలడం ఆపదు. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 7 ఉన్న నీళ్లలో, 25 డిగ్రీల దగ్గర, ఆ అమ్మోనియాలో విషపూరితమైన రూపం అర శాతం చిల్లరే. పీహెచ్ 8కి చేరితే 5 శాతం దాటుతుంది. మన బోరు నీళ్లు చాలాచోట్ల 7కి పైనే ఉంటాయి కాబట్టి ఇది ఊరికే చెప్పే లెక్క కాదు.

కాబట్టి ఆపకూడదు, మోతే తగ్గాలి. ఆ మోత ఎక్కడిదో ముందు పట్టుకోవాలి. స్పాంజి ఫిల్టర్‌కి సొంత గొంతు లేదు. దానికి గాలి పంపే ఎయిర్ పంప్ లోపల విద్యుదయస్కాంతం ఒకటి, దాని ఎదురుగా చిన్న అయస్కాంతం బిగించిన చేయి, ఆ చేతికి రబ్బరు డయాఫ్రం, అంటే గాలిని తోసే పొర, ఉంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక ఆ చేయి సెకనుకు 50 సార్లు ఊగుతుంది. పంపు ఒక్కటే చేసే శబ్దం తక్కువే. దాన్ని చెక్క షెల్ఫ్ మీద పెట్టామంటే మాత్రం షెల్ఫ్ మొత్తం వణికి, వీణకు బుర్రలా మోతను పెంచుతుంది. అనుమానముంటే పంపును చేత్తో గాల్లోకి ఎత్తి చూడండి. గుర్రు సగానికి పడిపోతే దోషం షెల్ఫ్‌దే. మందపాటి స్పాంజి ముక్క మీద పెట్టినా, తాడుతో వేలాడదీసినా సరిపోతుంది.

రెండో శబ్దం బుడగలది. డచ్ ఖగోళ శాస్త్రజ్ఞుడు మార్సెల్ మిన్నార్ట్ నీటి బుడగ పాడే స్వరాన్ని 1933లో లెక్కకట్టాడు. బుడగ చిన్నదయ్యేకొద్దీ స్వరం సన్నబడుతుంది. సెంటీమీటరు వెడల్పు బుడగ సుమారు 650 హెర్ట్జ్ దగ్గర మోగితే, 2 మిల్లీమీటర్ల బుడగ 3,200 దాటుతుంది. ఖాళీ పైపులోంచి వచ్చే బుడబుడ పెద్ద బుడగలదే. ఫిల్టర్ లోపల చిన్న ఎయిర్ స్టోన్, అంటే గాలిని సన్నని బుడగలుగా చీల్చే రాయి, పెడితే అది సన్నని సరసరగా మారుతుంది.

ఆ 650 హెర్ట్జ్ మన నిద్రకే కాదు, చేపకూ సంబంధించిన సంగతే. గోల్డ్‌ఫిష్ కార్ప్ జాతి చేప, మన చెరువుల్లోని శీలావతికీ బొచ్చెకూ చుట్టం. ఈ కుటుంబానికి గాలితిత్తిని లోపలి చెవితో కలిపే చిన్న ఎముకల గొలుసు ఉంటుంది. అందుకే చాలా చేపల కంటే ఇది బాగా వింటుంది, అదీ 500 నుంచి 1,000 హెర్ట్జ్ ప్రాంతంలో ఇంకా బాగా. అమెరికాలో చేసి 2004లో ప్రచురించిన ఒక ప్రయోగంలో గోల్డ్‌ఫిష్‌లకు పెద్ద శబ్దం వినిపిస్తే పది నిమిషాల్లోనే వినికిడి తగ్గింది, తర్వాత మెల్లగా తేరుకుంది. ఇంటి పంపు అంత మోత పెట్టదు, టెన్షన్ అక్కర్లేదు. కానీ గాజుకు ఆనించి పెట్టిన పంపు వణుకు నేరుగా నీళ్లలోకే పోతుందని గుర్తుంచుకోవాలి.

ట్యాంకు అంచుకి తగిలించే హ్యాంగింగ్ ఫిల్టర్ మోతకు కారణం ఎక్కువగా జలపాతమే. నీటిమట్టం దాని మూతి దాకా నింపండి, సద్దు ఆగుతుంది. నీళ్లలో మునిగే మోటారు ఫిల్టర్ అన్నిటికంటే నిశ్శబ్దం, కాకపోతే దాని ధాటికి గుండ్రటి ఫాన్సీ గోల్డ్‌ఫిష్ ఈదలేక మూలకు చేరుతుంది. మోటారు వేడి కూడా నీటికే. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరిగితే 30 డిగ్రీల్లో ఏడున్నరే, మన ఎండాకాలంలో ఆ తేడా చిన్నది కాదు. చిన్న ట్యాంకుకి నా ఓటు స్పాంజి ఫిల్టర్‌కే.

పంపు గాలి ఎక్కువైతే పైపు నొక్కి తగ్గించకండి. వెనక్కి తన్నే ఒత్తిడికి డయాఫ్రం ఇంకా అరుస్తుంది, త్వరగా చిరుగుతుంది. ఇంగ్లిష్ T ఆకారంలో మూడు మూతులుండే టీ కనెక్టర్ వేసి మిగులు గాలిని బయటికి వదిలేయండి. కరెంటు పోయినప్పుడు ట్యాంకు నీళ్లు పైపులోంచి పంపులోకి వెనక్కి పారకుండా చెక్ వాల్వ్ కూడా పెట్టించుకోండి, ఖర్చు పెద్దగా ఉండదు. కొనేటప్పుడు పంపును ఊరికే గాల్లో తిప్పి చూపిస్తే ఒప్పుకోవద్దు. మీ ట్యాంకు లోతున్న నీళ్లలో స్పాంజి ముంచి, పైపు తగిలించి ఆన్ చేయమనండి. ఇంట్లో వినబోయేది ఆ శబ్దమే.